గీత ఎవరు గీశారు?

కెమెరా కంటికి కులమూ మతమూ లేవంటారు. కంటికి లేకపోవచ్చు. అది ఎటు చూడాలో చెప్పే చేతికి ఉంటాయి.

ఇప్పటి నిఘా కెమెరా ఊరికే రికార్డు చేసే డబ్బా కాదు. దాని బొమ్మ మీద మౌస్‌తో నాలుగైదు చుక్కలు పెట్టి ఒక హద్దు గీస్తారు. జోన్ అంటారు దాన్ని. మనిషి పాదం ఆ హద్దులో పడినా, పెట్టిన గడువు దాటి అక్కడే నిలబడినా గంట మోగుతుంది. గడువెంత, ఏ వేళల్లో, మనిషికా బండికా? అంతా కుర్చీలో కూర్చున్నవాడి ఇష్టం. గీత బొమ్మ మీదే ఉంటుంది, నేల మీద కనపడదు. గాలికి కెమెరా వేలెడు పక్కకి తిరిగిందా, రోడ్డు మీదున్న హద్దు గడప లోపలికొస్తుంది.

మా క్రోసూరునే తీసుకుందాం. మిర్చి రైతు తన కల్లం చుట్టూ హద్దు గీయించుకుంటే మాకే అభ్యంతరమూ లేదు. బస్తా పోతే ఏడ్చేది ఆయనే. అదే హద్దు మసీదు ముందు రోడ్డు మీద గీసి, గడువు ఐదు నిమిషాలని పెడితే? జుమా నమాజయ్యాక ఐదు నిమిషాల్లో ఇళ్లకి పోయే అలవాటు మాకు లేదు. సలాములు, దుబాయి నించి వచ్చిన పిల్లాడి కబుర్లు, మిర్చి ధర, ఎవరింట్లో నిఖా ఎప్పుడు... దీనికి ఆ సాఫ్టువేర్లలో పేరు లాయిటరింగ్. తెలుగులో చెప్పాలంటే పనీపాటా లేకుండా తచ్చాడడం. రామాలయం అరుగు మీది పెద్దలకీ ఆ మాట తగుల్తుంది. అయితే అక్కడ గంట మోగితే నవ్వి ఆపేస్తారు, మా ముందు మోగితే జీపొస్తుంది. యంత్రం రెండు చోట్లా ఒకేలా లెక్కపెట్టింది మరి!

భయంతో అల్లుతున్న కథ కాదిది. హైదరాబాదులో కాలాపత్తర్ నేలలో 53.7 శాతం, కిషన్‌బాగ్‌లో 62.7 శాతం కెమెరాల చూపు కింద ఉందని 2021లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ లెక్క తేల్చింది. ఆ ఏడాది మే నెలలోనే ఎస్.క్యూ. మసూద్‌ని పోలీసులు ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన తీయనన్నా ఫోటో తీశారు. ఆయన కోర్టుకెక్కితే 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసిచ్చింది. అది ముఖాన్ని గుర్తుపట్టే యంత్రం మీద పోరు. హద్దు అంతకంటే నెమ్మదైంది. ముఖం అడగదు, పేరడగదు, చోటు చాలు దానికి. మా పేట తెలిస్తే మేమెవరమో తెలిసినట్టే.

చోటుని బట్టి మనిషిని దొంగని చెయ్యడం పాత గుంటూరు జిల్లాకి కొత్త కాదు. 1911 నేరస్థ తెగల చట్టం మద్రాసు రాజధానికీ వచ్చాక, ఎరుకలవాళ్లని స్టూవర్టుపురం సెటిల్మెంటులో పెట్టి హాజరు పిలిచారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి మొహం మారడం మాత్రం పోలేదు. అప్పటి హద్దు కనీసం కంటికి కనపడేది.

జనం గుమికూడే చోట్ల, ప్రార్థనా స్థలాలతో సహా, కెమెరాలు పెట్టాలని 2013లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. కెమెరా ఉందన్న బోర్డు మేం చూస్తూనే ఉన్నాం. హద్దెక్కడో, గడువెంతో, గీసిందెవరో ఆ బోర్డు మీద ఉండదు. ఆ బొమ్మని అచ్చేసి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించమని అడుగుతున్నాం. పొలం గట్టు జరిగితే సర్వేయర్ని పిలుస్తాం గదా, ఈ గట్టు జరిగితే ఎవర్ని పిలవాలి?