సత్యభామ జడ ఎవరిది?

తెనాలి వైపు నాటకాభిమానుల దగ్గర సత్యభామ మాటెత్తితే ముందు వచ్చే పేరు స్థానం నరసింహారావుదే. రావాలి కూడా. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభలో వెలిగిన మహానటుడాయన. ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో ఊరూరా మోగిన భామ పాట ఆయన రాసుకున్నదే. 1966 నాటి సినిమాలో జమునకు సుశీల పాడిందీ ఆ పాటే. రంగూన్ వెళ్తే బంగారు కిరీటం పెట్టి పంపారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆడవేషంలో ఆయనకు సాటి లేరు, ఇక రారు.

అయినా అడగక తప్పదు: ఆడవేషం మగవాడే ఎందుకు కట్టాడు?

రేపల్లె దాటి పెనుమూడి దగ్గర కృష్ణ అవతలికి వెళ్తే కూచిపూడి ఎంతో దూరం కాదు. అక్కడ సత్యభామ కథ ఆడే భామాకలాపం బ్రాహ్మణ పురుషుల సొత్తుగా ఉండేది. భామ ప్రవేశం చూడాలి! ఇద్దరు తెర పట్టుకుంటారు. ముఖం కనబడదు. తెర మీదుగా నాగరం, కుచ్చులతో బారెడు జడ వచ్చి పడుతుంది. నన్ను మించినవాళ్ళుంటే రండి అని సవాలు! తెర కింద గజ్జెకాళ్ళు మాత్రం కదులుతుంటాయి. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ జడ విసిరితే ఆడవాళ్ళే తెల్లబోయేవారు.

ఇదే కలాపాన్ని గుళ్ళలో ఆడిపాడే కలావంతుల స్త్రీలూ ఆడారు. మొవ్వ క్షేత్రయ్య పదాన్ని కూర్చున్నచోట కూర్చునే పట్టేవారు. ఒకే పల్లవి, ఒకసారి కనుబొమ్మతో అలక, మరోసారి ఓరచూపుతో ఎత్తిపొడుపు, ఇంకోసారి పెదవి చివర క్షమాపణ. ఆ విద్యను ‘భోగం మేళం’ అని ఈసడించి, 1947 దేవదాసీ నిషేధ చట్టంతో గుడి గడప కూడా దించేశారు. దురాచారం పోవాల్సిందే, ఎవరు కాదంటారు? దాంతోపాటు విద్యకు, విద్వాంసురాలికి కూడా మన్నన పోయింది. సురభి నాటక కుటుంబాలను మినహాయిస్తే రంగస్థలం మీద ఆడదానికి చాలాకాలం చోటు దొరకడమే కష్టమైంది. పారసీ, మరాఠీ కంపెనీల వరసలకు తలుపులు తీశాం. పక్కింటి విద్వాంసురాలికి మాత్రం మూసేశాం.

అమెరికాలోనూ ఇదే అన్యాయం. బానిసలు దొరల నాట్యాన్ని అనుకరిస్తూ పుట్టించిన కేక్‌వాక్‌ను తెల్లవాళ్ళు తమ వేదికలకెక్కించుకున్నారు. హార్లెంలో కాటన్ క్లబ్బు ఉండేది: ఆడేది నల్లవాళ్ళు, చూసేది తెల్లవాళ్ళు. 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్‌లో ఇరువురూ కలిసి ఆడారు గనుకే లిండీ హాప్ అంత పండింది. మనకలాంటి చోటు ఏదీ? కట్టు తెంచి ఆడవాళ్ళకు కూచిపూడి నేర్పిన వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి, ఊరూరా తిరిగి కలావంతుల విద్యను వెలికితీసిన నటరాజ రామకృష్ణ లేకపోతే మిగిలిన కాస్త విద్యా దక్కేది కాదు.

ఇప్పుడేమో తిరునాళ్ళలో రికార్డింగ్ డాన్సు. పాఠశాల వార్షికోత్సవంలో సినిమా పాటకు కూచిపూడి నడుంపట్టీ కట్టి గెంతించి ‘శాస్త్రీయ నృత్యం’ అని చదవడం! పట్టుమని పది నిమిషాలు అభినయం నిలబెట్టగల పిల్లకు బహుమతి రాదు, గిర్రున తిరిగిన పిల్లకు వస్తుంది. ఇది కళా? కసరత్తా?

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో నాట్యం నేర్పే గురువులకు నా విన్నపం. భామాకలాపం మొదలుపెట్టే రోజున పిల్లలకు స్థానం వారి గురించి తప్పకుండా చెప్పండి. అదే నోటితో కలావంతుల స్త్రీల పేరూ చెప్పండి. వాళ్ళ పదం ఒక్కటైనా, కూర్చోబెట్టి, నిదానంగా నేర్పండి.