గెసెల్ పట్టికలలోని సగటు శిశువు

తెలుగువారి ఇండ్లలో బిడ్డ తొలి అడుగులు వేసిన నాడు అరిసెలు వండి ఇరుగుపొరుగులకు పంచే ఆచారం ఉంది. ఆ పండుగకు ముందుగా పెట్టుకొన్న తేదీ లేదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్నాల్డ్ గెసెల్ మాత్రం అడుగుకు, కూర్చోవటానికి, పలుకుకు గడువులు నిర్ణయించటానికి పూనుకొన్నాడు.

1911లో ఆయన అక్కడ శిశు పరిశీలనాలయాన్ని స్థాపించాడు. పిల్లలకు కనబడకుండా బయటినుండి చూసేందుకు వీలైన గది కట్టించి, వారి కదలికలను సినిమా కెమెరాతో చిత్రింపజేశాడు. 1934లో వెలువడిన ఆయన చిత్రసంపుటాలలో 3,200 ఛాయాచిత్రాలు ఉన్నాయి. శిశువు తల నిలపటం, బోర్లపడటం, వస్తువును అందుకోవటం ఏ క్రమంలో వస్తాయో అంత ఓపికగా చూసి వ్రాసినవారు అంతకుముందు అరుదు. ఆ కీర్తి గెసెల్‌కు న్యాయంగా దక్కినదే.

చిక్కు ఆ పరిశీలనల నుండి తీసిన ప్రమాణాలలో ఉంది. వాటికి ఆధారమైన పిల్లలు నూరు పైచిలుకు మాత్రమే. వారు న్యూహేవెన్ పట్టణంలోని, ఉత్తర ఐరోపా సంతతికి చెందిన మధ్యతరగతి కుటుంబాల బిడ్డలు. ఒక ఊరి లెక్క మానవజాతి లెక్కగా చెల్లిపోయింది! పట్టికలను చదివినవారి పొరపాటు ఇంతకంటె పెద్దది. ‘ఇన్ని నెలలకు నడుస్తారు’ అనే అంకె చాలా పట్టికలలో సగంమంది పిల్లలు నడక సాధించిన వయస్సును తెలుపుతుంది. తక్కిన సగం లోపం గలవారా? తరగతిలో సగంమందిని మందబుద్ధులని ఏ ఉపాధ్యాయుడైనా అనగలడా?

శరీరం పక్వమైతే నైపుణ్యం దానంతట అదే వస్తుందని గెసెల్ నమ్మకం. 1929లో కవల ఆడపిల్లలపై జరిపిన పరీక్షను ఇందుకు సాక్ష్యంగా చూపాడు. ఒక పాపకు ఆరు వారాలు మెట్లెక్కటం నేర్పారు. రెండవ పాపకు ఆ తరువాత రెండు వారాలే నేర్పారు. ఐనా ఆమె అక్కతో సమానంగా ఎక్కింది. పరీక్ష చక్కనిదే, కాని అది తేల్చింది కొంతే. ఆ పాపలిద్దరూ స్వేచ్ఛగా ఆడుకొంటూ పెరిగినవారు. ఆ స్వేచ్ఛే లేకపోతే ఏమవుతుంది? వేన్ డెన్నిస్ 1960లో టెహ్రాన్ అనాథాలయాలను గూర్చి ప్రకటించిన వ్యాసం దీనికి జవాబు. రోజంతా తొట్టెలలో వెల్లకిల పడుకోబెట్టి ఉంచిన చోట్ల, మూడేండ్లు దాటినవారిలో సైతం పెక్కుమంది నడవలేకపోయారు. ఎత్తుకొని పాలు పట్టి, బోర్ల పడుకోబెట్టి, ఆనించి కూర్చోబెట్టిన మరొక ఆలయంలోని పిల్లలు ఎంతో ముందుగా నడిచారు. వెనుకబాటు ఉన్నమాట నిజమే, కాని దాని మూలం బిడ్డలో లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాలు ఇందుకు కొంత దిద్దుబాటు. భారతదేశం, ఘనా, నార్వే, ఒమాన్, అమెరికా దేశాలలో 816 మంది ఆరోగ్యవంతులైన శిశువులను పరిశీలించారు. ఆసరా లేకుండా నడిచే వయస్సుగా ఒక్క అంకె ఇవ్వక, 8.2 నెలల నుండి 17.6 నెలల వరకు ఒక వ్యవధి ఇచ్చారు. తొమ్మిది నెలలకు పైగా తేడా! నూటికి నలుగురైతే చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకనే లేదు. 2022లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు కూడ తమ పట్టికలో సగంమంది అనే కొలత విడిచి, నూటికి 75 మంది లేక అంతకుమించి సాధించే వయస్సును తీసుకొన్నాయి. పాకటాన్ని జాబితానుండి తొలగించాయి.

అంకె ఒక్కటే చూసి ఇప్పటి మనోవిజ్ఞానవేత్త తీర్పు చెప్పడు. బిడ్డకు ఇంట్లో అవకాశం ఎంత, ఆలస్యం ఒక్క నడకలోనేనా, మాటలోనూ చూపులోనూ కూడ ఉన్నదా అని విచారిస్తాడు. 18 నెలలు నిండినా నడవకపోతే వైద్యునికి చూపవలసిందే. అంతకుముందే చూపవలసిన సందర్భం ఒకటి కలదు: పలికే మాటలు మాని, వచ్చిన విద్య పోగొట్టుకొన్న బిడ్డ వయస్సు ఎంతైనా పరీక్షకు ఆలస్యం చేయరాదు.