పయాన్ రూపగుణకం: ఒక గ్రాఫు, రెండు తీర్పులు

విద్యుదావేశం లేని పయాన్ అనే మేసాన్ సాధారణంగా రెండు ఫోటానులుగా విచ్ఛిన్నమవుతుంది. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ పుంజాలు ఢీకొనేచోట ఇందుకు విలోమచర్య జరుగుతుంది: రెండు ఫోటానులు కలిసి పయాన్‌ను పుట్టిస్తాయి. వాటిలో ఒకటి అధిక ద్రవ్యవేగాన్ని మోసుకొనివస్తే ఈ చర్య ఎంత బలహీనపడుతుందో తెలిపే రాశినే పరివర్తన రూపగుణకం అంటారు. పయాన్‌లోని క్వార్కు, ప్రతిక్వార్కు ద్రవ్యవేగాన్ని ఎట్లా పంచుకొంటాయో దీనివల్ల ఊహించవచ్చు.

ఈ గుణకాన్ని ద్రవ్యవేగ వర్గంతో హెచ్చవేస్తే, లబ్ధం చివరకు సుమారు 0.185 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద స్థిరపడాలని బ్రాడ్‌స్కీ, లెపేజ్‌లు 1980లో ప్రతిపాదించిన సిద్ధాంతం చెబుతుంది. కాని 2009లో కాలిఫోర్నియాలోని బాబర్ బృందం ప్రకటించిన విలువలు, ద్రవ్యవేగ వర్గం 10 దాటాక ఆ అవధిని మించి పెరుగుతూ పోయాయి. వెంటనే కొందరు సిద్ధాంతవేత్తలు క్వార్కుల పంపకాన్ని గురించిన పాత భావననే మార్చబూనారు.

బాబర్ ప్రయోగం మెచ్చదగినదే. 1998 నాటి క్లియో కొలతలు 10 లోపునే ఆగిపోగా, ఇది 40 వరకు సాగింది. లోపమంతా ఆ గ్రాఫును చదివిన తీరులో ఉన్నది. కుడికొసన ఘటనలు కొద్ది, దోషపరిమితులు పెద్దవి. 2012లో జపానులోని బెల్ బృందం అదే పరిధిలో కొలిచినప్పుడు అంతటి పెరుగుదల కనబడలేదు.

అయితే బెల్ గెలిచిందనడం కూడా తొందరపాటే. ఒకదానిని తప్పని తోసివేసేటంత తేడా వాటిమధ్య లేదు. బిందువులను కలుపుతూ వక్రరేఖ గీసేముందు వాటిపైనున్న దోషరేఖలను చూడాలని విద్యార్థి దీనినుంచి నేర్చుకోవాలి.