కొనలేని వాళ్ళకు పెట్టిన కొలువు

1996 డిసెంబరు. మేం అమెరికా వచ్చి నాలుగు నెలలు. చేతిలో ఉన్న ప్రాజెక్టు అయిపోయి నేను బెంచి మీద ఉన్నాను. ఓ శనివారం సాయంత్రం మా ఆవిడా, నేనూ, నాలుగేళ్ళ అమ్మాయీ జెర్సీ సిటీలో పాత్ రైలెక్కి ముప్ఫై మూడో వీధిలో దిగాం. మేసీస్ అద్దాలు చూసి, చలిలో ఫిఫ్త్ ఎవెన్యూ దాకా నడిచి, లార్డ్ అండ్ టేలర్ ముందు తాడు కట్టిన వరుసలో నిలబడ్డాం. అద్దం వెనక చిన్న చిన్న బొమ్మలు తలలూ చేతులూ ఆడిస్తూ తమ పనుల్లో తామున్నాయి. మా ఆవిడ చాలాసేపు చూసి, "ఇందులో అమ్మకానికి ఏదీ పెట్టలేదేవిటండీ?" అంది.

ఈ అద్దాల గురించి తర్వాత చాలా చదివాను గాని, ఆ ప్రశ్నను మించిన విమర్శ నాకు కనబడలేదు.

మొదట్లో ఇవి అమ్మకం కోసం పెట్టినవే. మేసీస్ పద్నాలుగో వీధిలో ఉన్న రోజుల్లో, 1874లో, పింగాణీ బొమ్మలతో 'అంకుల్ టామ్స్ కేబిన్' నవలలోని ఘట్టాలు పెట్టారు. బానిసల కన్నీటి కథతో పండగ గిరాకీ! ఈ విద్యకు శాస్త్రం చెప్పిన పెద్దమనిషి ఎల్. ఫ్రాంక్ బామ్. 1897లో షికాగోలో దుకాణాల అలంకరణ కోసమే 'ది షో విండో' అనే పత్రిక పెట్టాడు. మూడేళ్ళకు మన పిల్లలందరికీ తెలిసిన 'విజర్డ్ ఆఫ్ ఆజ్' రాసిందీ ఆయనే. తెర వెనక కూచుని జనాన్ని భ్రమపెట్టే ఆ మాంత్రికుడు ఎక్కణ్ణుంచి వచ్చాడో నేను వేరే చెప్పక్కర్లేదు.

దీన్ని తిరగేసింది 1938లో లార్డ్ అండ్ టేలర్. సరుకంతా తీసేసి, బంగారు రంగు గంటలు మాత్రం వేలాడదీసి, రికార్డు చేసిన గంటల మోతకు అనుగుణంగా ఊగేటట్టు అమర్చారు. ఏడాది మొత్తంలో గిరాకీ ఎక్కువుండే నెలలో, ఊరికి నడిబొడ్డున, అమ్మకానికి ఏమీ పెట్టని అద్దం! నా లెక్కలో ఇది సాహసమే. వాళ్ళ అద్దాల వెనక వేదికలు హైడ్రాలిక్ లిఫ్టుల మీద ఉండేవి. కింద నేలమాళిగలో అలంకరణంతా పూర్తిచేసి పైకి లేపేవారు.

"అదీ వ్యాపారమేనోయ్, ఎర కనబడకుండా గాలం వెయ్యడం" అంటాడు మా మిత్రుడొకడు. కాదనను. కానీ మా అమ్మ సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టి పేరంటానికి ఊరందర్నీ పిలవడంలో కాస్తంత గొప్ప చూపించుకోవడం లేదా? ఉంది. అయినా వచ్చినవాళ్ళు కళ్ళనిండా చూసి, చేతిలో తాంబూలంతో వెళ్ళేవారు. ఇక్కడ తాంబూలం లేదు, మధ్యన అద్దముంది. అంచేత, అద్దానికి ఇవతల ఖాళీ జేబుతో నిలబడ్డ మనిషికి ఏం దక్కిందన్నదే నా కొలత.

ఈ కొలతతో చూస్తే, అందరూ మెచ్చుకునే బెర్గ్‌డార్ఫ్ గుడ్‌మన్ అద్దాలకు నేను పూర్తి మార్కులు వెయ్యలేను. పనితనంలో వాళ్ళకు సాటి లేదు. 2017లో న్యూయార్కు నగరంలోని సంస్థలకు కానుకగా పెట్టినవాటిలో, సహజ చరిత్ర మ్యూజియం పేరు మీద తళుకులు పొదిగిన డైనోసార్ అస్థిపంజరాలుండేవి. పక్కన గౌను తొడుక్కున్న బొమ్మ ఉన్నా నా కళ్ళు ఎముకల్ని వదల్లేదు. అయితే ఆ అద్దాల్లో కథ నడవదు; ఒక్క క్షణాన్ని బిగించి పెడతారు. పెద్దలు నోరు తెరుస్తారు, పిల్లలు "తర్వాతేమయింది?" అని అడగరు. లార్డ్ అండ్ టేలర్ ముందు మా అమ్మాయి అడిగిందల్లా అదే. 2023లో సాక్స్ వారి గోడ మొత్తం డియోర్ కంపెనీ రంగులరాట్నంగా మారినప్పుడు నాకు ఆశ్చర్యమేసిందే గాని ఇష్టం కలగలేదు. దీపాలన్నీ కలిసి ఒక్క పేరే చెబుతున్నాయి.

ఫిఫ్త్ ఎవెన్యూలో లార్డ్ అండ్ టేలర్ 2019 జనవరిలో మూతబడింది. మరుసటి సంవత్సరం ఆ భవనాన్ని కొన్నది అమెజాన్, అంటే అద్దమే అక్కర్లేకుండా లోకానికంతా సరుకమ్మే కంపెనీ. ఈ మాట చెబితే మా ఆవిడ నవ్వింది గాని, అటువైపు నడవడానికి మాత్రం ఒప్పుకోలేదు.

మిగిలిన అద్దాలు చూడదలచుకున్నవాళ్ళు దుకాణాలు మూసేశాక, రాత్రి పొద్దుపోయి వెళ్ళండి. సెల్‌ఫోన్లు పైకెత్తేవాళ్ళు పల్చబడతారు. పిల్లల్ని ఎత్తుకోకండి, కిందే నిలబెట్టండి. ఓసారి మీరూ మోకాళ్ళ మీద కూచుని వాళ్ళ ఎత్తునుంచి చూడండి. గ్లవ్స్ మరిచిపోకండి, ఆ అద్దం మంచుగడ్డలా ఉంటుంది.