అనుదిన పఠనము - ఆశకు ఆధారము

పవిత్రగ్రంథాన్ని సాహిత్యంగా చదవడం వేరు, జీవనాధారంగా చదవడం వేరు అనే అభిప్రాయం పండితులలో తరచుగా వినబడుతుంది. భారత భాగవతాల విషయంలో తెలుగువారు ఈ భేదాన్ని అంతగా పాటించలేదు. పోతన పద్యం పూజామందిరంలోనూ వినబడింది, అలంకారశాస్త్ర చర్చలోనూ వినబడింది. బైబిలు విషయంలో మాత్రం భక్తి దేవాలయానికీ, విమర్శ విద్యాలయానికీ వేరువేరుగా పంపకమైనవి. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించిన తరువాత కూడా, ఆ కావ్యానికి ఆకరమైన గ్రంథాన్ని ప్రతిదినమూ చదివే సామాన్యుడు దానినుండి ఏమి పొందుతున్నాడన్న ప్రశ్న సాహిత్యచర్చలో తగినంత చోటు పొందలేదు.

ఈ ప్రశ్నను తెలుగుదేశపు నడిబొడ్డున కాక, దాని సరిహద్దు కావల, బస్తరులో నిలిచి వేసుకొనడం మేలు. ఇంద్రావతి, శబరి నదులు బస్తరు నేలను తడిపి గోదావరిలో కలుస్తున్నవి. బారసూరులో 11వ శతాబ్దినాటి తెలుగు శాసనమున్నది. భోపాలపట్నం, కోంట ప్రాంతాలలో తెలుగు నేటికీ వ్యవహారంలో ఉన్నది. అక్కడి దోర్లల పలుకుపై దాని ముద్ర స్పష్టం. జగదల్పూరులో మెథడిస్టు మిషను 1890ల దశకంలో నెలకొన్నది. అక్కడి ఎర్రని చర్చికి పెట్టిన స్మారకనామం చందయ్యది; తెలుగు చెవికి ఆ పేరు పరాయిది కాదు. హల్బీ, గోండీ, హిందీ, తెలుగు ఒకే సంతలో కలిసి వినిపించే ఈ నేలపై లేఖనపఠనం ఒక్క భాషకు కట్టుబడి ఉండజాలదు.

తెలుగు బైబిలు చరిత్ర చిన్నది కాదు. 18వ శతాబ్దిలో బెంజమిన్ షుల్జ్ మద్రాసులో చేసిన అనువాదం అచ్చుకు నోచుకొనలేదు. 1805లో విశాఖపట్టణం చేరిన క్రాన్, డెస్‌గ్రాంజెస్ అనే మిషనరీలు ఆనందరాయరు సాయంతో కృషి సాగించగా, 1812లో మూడు సువార్తలు శ్రీరామపురంలో ముద్రితమైనవి. అటుపిమ్మట ఎన్నో చేతుల సవరణలు పొంది ఏర్పడిన ఆ వచనం ఒక విచిత్రమైన గ్రాంథికం. దాని ప్రత్యయాలు పాతవి, వాక్యాలు మాత్రం పొట్టివి. చదువుకు దూరంగా ఉంచబడిన ఎన్నో కుటుంబాలలో మొదట అడుగుపెట్టిన అచ్చుపుస్తకం అదే. పండితులకు అది కృతకంగా తోచి ఉండవచ్చును. ఉదయాన్నే పదిమంది కూర్చుని వినే ఇంటిలో మాత్రం అది ఇంటిభాషగానే స్థిరపడింది.

ఇక పఠనపద్ధతి సంగతి. తెలుగు క్రైస్తవ కుటుంబాలలో రెండు పద్ధతులు పక్కపక్కన నడుస్తున్నవి. ఒకటి, దినానికొక అధ్యాయం వరుసగా చదవడం. రెండవది, సంవత్సరారంభాన ఒక కార్డు తీసి, దానిపైని వచనాన్ని ఆ యేటి వాగ్దానంగా గ్రహించడం. రెండవదానిలో ఆదరణ లేదనరాదు. రోగి పడక దగ్గర గోడకు అంటించిన ఒక్క వాక్యం చేసే మేలు చిన్నది కాదు. అయితే సాహిత్యదృష్టితో చూచినపుడు, ఆ కార్డు కత్తిరించి పారవేసినది ఏమిటో చెప్పవలసి ఉన్నది.

యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయాన్ని తీసుకొనవచ్చును. దైవసంకల్పం హానికరం కాదనీ, రాబోవు కాలంలో నిరీక్షణ ఉన్నదనీ చెప్పే అందలి వచనం కార్డులపై విరివిగా కనబడుతుంది. కాని ఆ అధ్యాయం ఒక ఉత్తరం. బబులోనుకు చెరపట్టబడి పోయినవారికి యెరూషలేమునుండి వ్రాయబడినది. ఇండ్లు కట్టుకొనండి, తోటలు నాటండి, మిమ్మును బంధించిన ఆ పట్టణపు క్షేమాన్నే కోరండి అని దాని సారాంశం. వాగ్దానవచనానికి సరిగా ముందున్న వచనంలో 70 సంవత్సరాల గడువు ఉన్నది. అంటే, ఆ ఉత్తరం విన్న పెద్దలలో అత్యధికులు విడుదలను కన్నులారా చూడరు. ఆ సంఖ్యను తొలగించి చదివితే అది శుభశకునం. చేర్చి చదివితే, తాను తినని పండ్లకై చెట్టు నాటే ధైర్యం.

విలాపవాక్యముల నిర్మాణం ఇంకా గమనింపదగినది. అది అయిదు అధ్యాయాల గ్రంథం. నాలుగింటిలో 22 వచనాల చొప్పున, నడిమిదానిలో మాత్రం 66. హీబ్రూ వర్ణమాలలోని 22 అక్షరాల క్రమం మొదటి నాలుగు అధ్యాయాలను నడుపుతున్నది; తెలుగులో ఆ అక్షరక్రమం నిలువలేదు, నిలిచే వీలూ లేదు. ప్రతి ఉదయమూ దైవకృప కొత్తదవుతుందనే ప్రసిద్ధభావం ఈ గ్రంథపు మధ్యభాగంలో ఉన్నది, చివర లేదు. దాని తరువాత ఏడ్పు మరల మొదలవుతుంది. గ్రంథం సమాధానం లేని సందేహంతో ముగుస్తుంది. ఆశ దుఃఖానికి ముగింపుగా గాక, దుఃఖం నడుమ ఒక మజిలీగా నిలిచినది. వరుసగా చదివే పాఠకునికే ఈ మర్మం దొరుకుతుంది. 88వ కీర్తన అంతమయ్యేది చీకటిలోనే. వరుసపఠనంలో అదీ ఒక ఉదయపు పాఠమే.

బస్తరులో ఈ చర్చ కేవలం సాహిత్యచర్చగా మిగలదు. 2025 జనవరి 7న బస్తరు జిల్లాలోని ఛిందవాడా గ్రామంలో ఒక క్రైస్తవ కాపరి మరణించినాడు. స్వగ్రామంలో అతనిని పాతిపెట్టడానికి గ్రామస్థులనుండి అభ్యంతరం వచ్చింది. కుమారుడు హైకోర్టుకూ, అటుపై సుప్రీంకోర్టుకూ వెళ్లినాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు వెలువరించినారు. కుటుంబపు సొంత భూమిలో ఖననం జరుగవచ్చునని ఒకరు, నిర్ణీత శ్మశానంలోనే జరుగవలెనని మరొకరు అన్నారు. భౌతికకాయం శవాగారంలో ఉన్న స్థితిని గమనించి, కర్కాపాల్‌లోని క్రైస్తవ శ్మశానంలో ఖననం జరిపించవలెనని ఆదేశమైనది.

ఈ నేపథ్యంలో ఆదికాండము 23వ అధ్యాయం చదివే పాఠకునికి అది ఎట్లు వినిపించును? అబ్రాహాము భార్య శారా పరదేశంలో మరణిస్తుంది. పాతిపెట్టడానికి అతనికి అడుగు నేల లేదు. స్థానికులైన హిత్తీయుల ముందు వంగి నమస్కరించి, తాను వారి నడుమ పరవాసినని ఒప్పుకొని, స్థలం అడుగుతాడు. వారు ఉచితంగా ఇవ్వజూపితే అంగీకరించడు. ఊరిగవిని యొద్ద అందరి ఎదుట 400 తులాల వెండి తూచి ఇచ్చి, మక్పేలా గుహను, పొలాన్ని, ఆ పొలంలోని చెట్లతో సహా కొంటాడు. దేశమంతా వాగ్దానంగా పొందినవాని చేతికి మొదట వచ్చినది ఒక సమాధిస్థలం. ఈ అధ్యాయంలో దైవవాక్కు వినబడదు, అద్భుతం జరుగదు. ఉన్నదల్లా బేరం, సాక్షులు, దుఃఖం.

దీనిని విధేయతాబోధగా చదివి, మతం మనిషిని తలవంచుకొనడానికే అలవాటు చేస్తుందని ఆక్షేపించేవారుంటారు. ఆ ఆక్షేపణ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. కాని కథ చెప్పేది అది కాదు. వంగి నమస్కరించినవాడే దానాన్ని నిరాకరించినాడు; దయను కాక హక్కును కోరినాడు, అదీ నలుగురి ఎదుట, ధ్రువపరచిన క్రయంగా. వినయమూ పట్టుదలా ఒకే మనిషిలో ఇమిడిన ఈ చిత్రణ ఏ కార్డుపైనా పట్టదు.

లేఖనం దినచర్యకు దారి చూపుతుందని భక్తులు చెప్పినపుడు దాని అర్థం ఇదే కావలెను. రేపటి కష్టానికి సిద్ధమైన జవాబు అందులో దొరకదు. అరణ్యంలో మన్నాను ఏరుకొన్నవారు ఏనాటిది ఆనాడే ఏరుకొనవలసి వచ్చినది. మరునాటికి దాచినది పురుగుపట్టినది. పఠనమూ అట్టిదే. ఒకనాటి అధ్యాయం ఆనాటికి పనికిరానట్లే తోచి, మరి ఏడేండ్లకు ఒక మరణం ముందు నిలిచినపుడు అర్థమిచ్చును.

సరిహద్దు ఇండ్లలో తాత తెలుగులో చదివినదానిని మనుమడు హిందీలో చదువుతాడు. ఆ మార్పును శోకించి లాభం లేదు. తాత గొంతులో ఆ పొట్టి గ్రాంథిక వాక్యాలు పలికిన తీరును, వాటి విరామాలను, వాటితో ఆ కుటుంబం దాటిన దినాలను వ్రాసి ఉంచే పని మాత్రం తెలుగు రచయితలది. ఆ తాతల గొంతులు వినబడుతున్నప్పుడే ఆ పని జరుగవలెను.