కిన్నెర ఎవరి పక్షం?

దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడుతూ వచ్చిన కథల్లో పండుగ సాయన్న కథ ఒకటి. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టిన వీరునిగా పాలమూరు పల్లెలు సాయన్నను తలచుకుంటాయి. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట ఎత్తుగడలో అదే గొంతు, అదే కిన్నెర ఒక పోలీసు అధికారి పుట్టుకను, వంశాన్ని కీర్తించాయి. బాణీ నిలిచింది, పక్షం మారింది. జానపదం సినిమాకెక్కిందని సంబరపడే విమర్శ ఈ మార్పును గమనించదు.

2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపని చేస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. బిరుదు వేరు, బతుకు వేరు.

ఇది మన ఒక్కచోటి సమస్య కాదు. అమెరికాలో 1927లో బ్రిస్టల్ పట్టణంలో విక్టర్ కంపెనీ కార్టర్ కుటుంబం చేత పల్లెపాటలు పాడించి రికార్డు చేసింది. తరువాత ఏ.పి. కార్టర్ పాటల సేకరణకు తిరిగినప్పుడు బాణీలను జ్ఞాపకముంచుకున్నవాడు నల్లజాతి గాయకుడు లెస్లీ రిడిల్. హక్కులు కార్టర్ పేరిట నమోదయ్యాయి. రిడిల్ పేరు రికార్డులకెక్కలేదు.

మన దేశంలో 2012 నాటి కాపీరైట్ చట్ట సవరణ గాయకునికి రాయల్టీ హక్కు ఇచ్చింది. కాని తరాలుగా ఈ పాటను మోసిన డక్కలి వారికి సమష్టిగా అందులో చోటు లేదు. కనుక పాట బాగుందా అని అడిగే విమర్శకుడు అది ఎవరి పక్షాన పాడుతోంది, దాని ఫలం ఎవరికి చేరుతోంది అని కూడా అడగాలి.