ఫాస్టస్ నాటకం: రెండు పాఠాలు

24 సంవత్సరాల భోగానికీ, శక్తికీ ఆత్మను లూసిఫర్‌కు వ్రాసి ఇచ్చిన పండితుని కథ క్రిస్టఫర్ మార్లో 'డాక్టర్ ఫాస్టస్'. పాపమూ, శాశ్వత నరకమూ ఇతివృత్తమైన ఈ విషాదాంత నాటకానికి మార్లో వ్రాతప్రతి మిగలలేదు. ఆయన 1593లో హతుడైనాడు. నాటకం 1604లో మొదట అచ్చయినది. 1616లో సుమారు 600 పంక్తులు పెరిగి మరల వెలువడినది. వీటినే పండితులు 'ఏ' పాఠం, 'బి' పాఠం అంటారు.

పెంపునకు ఒక ఆధారం ఉన్నది. ఈ నాటకానికి చేర్పులు చేసినందుకు విలియం బర్డ్, శామ్యూల్ రౌలీలకు 4 పౌన్లు ఇచ్చినట్లు నాటకశాలాధిపతి ఫిలిప్ హెన్స్‌లో 1602లో తన లెక్కలలో వ్రాసుకొన్నాడు. అయినా వివాదం తీరలేదు. 1950లో గ్రెగ్ రెండు పాఠాలనూ ఎదురెదురుగా ముద్రించి 'బి' వైపు మొగ్గినాడు. 1993లో బెవింగ్టన్, రాస్ముసెన్ వాటిని రెండు నాటకాలుగానే ప్రకటించి, 'ఏ' పాఠమే మూలానికి సన్నిహితమన్నారు.

ఇటువంటి చిక్కు తెలుగువారికి కొత్త కాదు. 1897 నాటి 'కన్యాశుల్కం' వేరు, 1909 నాటిది వేరు. కాని అక్కడ రెండు చేతులూ గురజాడవే. పోతన భాగవతంలో గంగన, సింగన, నారయల పూరణలున్నా, ఏ స్కంధం ఎవరిదో చెప్పుకొన్నాము. ఫాస్టస్ విషయంలో చేతులు కలిసిపోయినవి. కలిసిపోయినచోటనే అర్థం మారినది.

సత్పురుషుడైన దేవదూత ఇంకా ఆలస్యం కాలేదని ఫాస్టస్‌కు ధైర్యం చెప్పే ఘట్టం చూడదగినది. 'ఏ' పాఠంలో ఆ అభయం అతడు పశ్చాత్తాపపడగలిగితేనే. 'బి' పాఠంలో పశ్చాత్తాపపడదలిస్తే. ఒక్క సహాయక్రియ మారినది. మొదటిది అతనికి ఆ శక్తి మిగిలి ఉన్నదా అన్న భయాన్ని రేపుతుంది. రెండవది నిర్ణయాన్ని అతని సంకల్పానికి వదలుతుంది. అయితే అదే 'బి' పాఠంలో, గ్రంథపఠనవేళ ఫాస్టస్ కన్నును దారి తప్పించినది తానేనని మెఫిస్టోఫిలిస్ చివర గొప్పలు చెప్పుకొంటాడు. స్వేచ్ఛ ఇచ్చిన పాఠమే బాధ్యతను పంచుకొన్నది. 'ఏ' పాఠంలో ఆ మాట లేదు, ఫాస్టస్ ఒంటరి. ఆకాశంలో క్రీస్తు రక్తం ప్రవహించడం అతడు చూచే పంక్తి కూడ 'ఏ' పాఠానిదే. రంగస్థలంపై దైవనామదూషణను నిషేధించిన 1606 శాసనం తరువాత 'బి' పాఠంలో ఇటువంటి మాటలు తగ్గినవి. దానికి బదులు, పైనుండి తమాషా చూచే దయ్యాలూ, మరునాడు శిష్యులు కనుగొనే ఛిన్నావయవాలూ వచ్చినవి.

అనువాదకునికి ఇది అచ్చుపుస్తకాల తగవు మాత్రమే కాదు. 'పశ్చాత్తాపం' అంటే మనస్సు లోపలి దహనం, 'ప్రాయశ్చిత్తం' అంటే కర్మకాండ, బైబిలు తెలుగులోని 'మారుమనస్సు' అంటే మనిషే మళ్లడం. 'గలుగు' అన్న పాఠానికీ, 'తలచు' అన్న పాఠానికీ ఒకే మాట సరిపోదు. అజామిళుడు కొడుకును పిలుస్తూ నారాయణ నామమెత్తితేనే యమపాశం వీడిన కథ విన్న పాఠకునికి, క్రీస్తు పేరు పలికినా ఫాస్టస్ ఎందుకు తరించలేదన్న ప్రశ్న తప్పదు. మన నరకం సాధారణంగా అనుభవించి తిరిగివచ్చే తావు. నిత్యనరకం మాట మధ్వమతంలో వినబడుతుంది. ఈ పాఠకునికి జవాబు నాటకంలోనే దొరకాలి. రెండు పాఠాలు రెండు జవాబులిస్తున్నవి.

ఇంపైన పంక్తులను రెండింటినుండీ ఏరి కూర్చినవాడు పాఠకునికి ఆ రెండు జవాబులనూ దూరం చేస్తాడు. అతని ఫాస్టస్ ఒక పుటలో అశక్తుడు, మరొక పుటలో స్వతంత్రుడు, చివరకు దయ్యం చేతి బొమ్మ. విషాదం ఇక్కడ పలుచబడుతుంది. అనువాదకుడు ఒక పాఠాన్ని ఎన్నుకొని, ఏదో పీఠికలో చెప్పి, ఆ దారినే తుదివరకూ నడవాలి. ఫాస్టస్ భయం కవిత్వంగా నిలిచేది అతనిని ఒంటరిగా విడిచినప్పుడే గనుక, తెలుగులో మొదట రావలసినది 1604 పాఠం.